రంగు కారిన కారు

అంటే అన్నానంటారు గానీ, ఈ రోజుల్లో బడికి వెళ్తున్నది పిల్లలు కాదండీ, తల్లులు! యూనిఫారం వేసుకుని బస్సెక్కేది వాళ్ళే కావచ్చు. చార్టులు గీసేది, థర్మాకోలు కోసేది, అట్టముక్కలతో గాలిమర నిలబెట్టేది, అగ్నిపర్వతం నోట్లోంచి ఎర్రనీళ్ళు పొంగించేది మాత్రం మనమే. మొన్న పాల అంగడి దగ్గర ఒకావిడ కళ్ళు ఎర్రగా కనిపిస్తే, ఇంట్లో ఎవరికైనా బాగాలేదేమోనని కంగారుగా అడిగాను.

"ఏం లేదండీ. మా వాడు ఈరోజు సౌరకుటుంబం ఇవ్వాలి బళ్ళో. రాత్రి రెండింటిదాకా కూర్చుని శనిగ్రహానికి వలయం అంటించాను" అంది. ఆ గొంతులో అలసట లేదు, గర్వం!

"మరి వాడేం చేశాడు?" అన్నాను.

"చిన్నపిల్లాడు కదండీ, పాపం, పడుకున్నాడు."

నవ్వొచ్చింది. కానీ నవ్వలేకపోయాను. ఎందుకంటే అదే పని నిరుడు నేను ఆవిడకన్నా ఘనంగా చేశాను. చేసి, ఏడంగుళాల కారుబొమ్మ ముందు దొంగలాగా నిలబడ్డాను. ముందు ఆ కథ చెప్తాను. తరువాత మీతో పోట్లాటకు దిగుతాను. పోట్లాటకు వచ్చేముందు నా తప్పు నేను ఒప్పుకోవడం మర్యాద కదా!

మాది కమలాపురం. కడప జిల్లా. ఊరి పక్కన పాపాఘ్ని నది ఉంది, ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే తప్ప నీళ్ళు కనిపించవు. మద్రాసు నుంచి బొంబాయి పోయే రైలుదారిలో ఒక చిన్న స్టేషను. మా మామగారికి ఒక అంబాసిడరు ఉండేది. పెళ్ళికైనా, పురిటికైనా, కడప ఆస్పత్రికైనా, ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళకైనా వీధివాళ్ళందరికీ అదే దిక్కు. పైన మీగడ రంగు, కింద ముదురు మెరూన్. ఆ రెండు రంగులూ కలిసేచోట గీత కత్తితో కోసినట్టుండేదని మా అత్తగారు ఇప్పటికీ చెప్తుంటారు. ఆయన పోయారు. తరువాత కారూ పోయింది. ఇక ఆ కార్లు చేసేవాళ్ళు కూడా 2014లో చేయడం మానుకున్నారు. 1957లో మొదలైన బండి, బెంగాల్‌లోని ఉత్తరపారాలో ఆఖరైంది. మా ఇంట్లో మిగిలింది ఒక నలుపు తెలుపు ఫోటో, మా అత్తగారి నోట్లో రెండు రంగులు.

నిరుడు ఫిబ్రవరి 28న జాతీయ సైన్సు దినానికి మా చిన్నదాని బళ్ళో ప్రదర్శన పెట్టారు. అది అప్పుడు ఎనిమిదో తరగతి. వాళ్ళకు వచ్చిన విషయం రవాణా. పక్కింటి పిల్ల కడప నుంచి మెరిసిపోయే రైలొకటి కొని తెచ్చుకుంది. మాది మాత్రం "నేను మా జేజినాయన కారు చేస్తా" అని కూర్చుంది.

దర్గా ఉరుసుకు వచ్చిన బొమ్మల అంగట్లో ఎప్పుడో కొన్న తెల్ల ప్లాస్టిక్ అంబాసిడరు ఒకటి అటక మీద ఉంది. అసలు కారు పొడవు సుమారు పద్నాలుగడుగులు, బొమ్మ ఏడంగుళాలు. అంటే ఇరవైనాలుగో వంతు. ఈ లెక్క కూడా అదే వేసుకుంది. లెక్కల పరీక్షలో ఎప్పుడూ ఇంత సరిగ్గా వేసిన పాపాన పోలేదు!

రంగు వేయడమంటే బ్రష్షు ముంచి పూయడమే అనుకున్నాను నేను. కాదట. అది ఎక్కడెక్కడో చదివి, మా వీధి చివర లారీలకు రంగులేసే అంగడి ముందు నిలబడి చూసి, ఒక కాగితం మీద వరసగా రాసుకుంది. ముందు సబ్బునీళ్ళతో కడగాలి, అచ్చులో నూనె జిడ్డు మిగిలితే రంగు పట్టదు. తరువాత సన్నటి వాటర్ పేపరుతో తడి చేసి రుద్దాలి. ప్రైమరు పల్చగా కొట్టాలి. రెండు రంగుల్లో లేతది ముందు, ముదురుది తరువాత, ఎందుకంటే ముదురు మీద లేత నిలవదు. లేత రంగు కొట్టి, అది బాగా ఆరేదాకా ఒకరోజు ఆగాలి. ఆ తరువాత, లేతగానే ఉండిపోవాల్సిన భాగమంతా టేపుతో మూసేయాలి.

కష్టమంతా ఆ మూసేయడంలోనే ఉంది. టేపు చుట్ట అంచుకు దుమ్ము అంటుకుని ఉంటుంది కాబట్టి ఆ అంచు పనికిరాదు. టేపును నున్నటి చోట అంటించి, స్కేలు పెట్టి బ్లేడుతో కొత్త అంచు కోసుకోవాలి. మా వరండాలో నాపరాళ్ళు పరిచి ఉన్నాయి, అద్దం లాంటివి. అక్కడే బోర్లా పడుకుని కోసింది. వంపులున్న చోట వెడల్పు టేపు ముడతలు పడుతుంది, సన్నటి పీలికలు కావాలి. కారు పైభాగానికి దినపత్రిక ముక్కలు చుట్టింది. చూస్తే తలకు కట్టు కట్టిన రోగిలాగా ఉంది ఆ బొమ్మ. పొద్దున్నే గాలి లేవకముందు మిద్దె మీదికి పోయి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, డబ్బాను బాగా ఊపి, మెరూన్ రంగు కొట్టింది.

టేపు పీకే సమయానికి ఇంటిల్లిపాదీ చేరాం. మా అత్తగారు కళ్ళద్దాలు కూడా మార్చుకుని వచ్చారు. చిన్నది ఊపిరి బిగబట్టి, టేపును వెనక్కి మడిచి మెల్లగా లాగింది. మొదటి రెండంగుళాలూ గీత అద్భుతం! మా అత్తగారు "అబ్బ! అచ్చం అట్లనే ఉండాది" అన్నారు. ముందు తలుపు దగ్గరికి వచ్చేసరికి మెరూన్ రంగు మీగడలోకి మూడు కాళ్ళు చాపింది. వెనక చక్రం పైన ఉబ్బెత్తు దగ్గర ఇంకా పాకి, పావలా బిళ్ళంత మచ్చయింది.

చిన్నది ఏడవలేదు. బొమ్మను కంటి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, "తలుపు సందులోంచి దూరింది మా. సందు మీద టేపు వంతెన మాదిరి నిలబడింది, కింద దారి ఉండాది గదా" అంది.

ఆ మాట విని ఎగిరి గంతెయ్యాల్సిన తల్లిని నేను. మూడు రోజుల పనిలో ఒక చిన్న పిల్ల, తప్పు ఎక్కడ జరిగిందో, ఎందుకు జరిగిందో తనంతట తను పట్టుకుంది! సైన్సు అంటే ఇంతకన్నా ఏముంది? కానీ నా చెవికి ఆ మాట ఎక్కలేదు. నా కంటికి మచ్చ కనిపించింది. పక్కింటి పిల్ల రైలు కనిపించింది. ఎల్లుండి ప్రదర్శనకు వచ్చే తల్లులంతా కనిపించారు.

రాత్రి అది పడుకున్నాక కారును చీర కొంగు కింద పెట్టుకుని లారీ రంగుల అంగడికి పోయాను. దొంగసొమ్ము తాకట్టు పెట్టడానికి పోయినట్టే పోయాను. పెయింటరు దీపం కింద దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పాప చేసిందా అక్కా? బానే ఉండాదే! నేను మా గురువు దగ్గర ఆర్నెల్లు టేపు అంటించేదే నేర్చుకున్యా. పీకేది నేర్చుకోను ఇంకో ఆర్నెల్లు పట్టె."

"ఆ మచ్చలు కొంచెం సరిచేసి ఇయ్యి నాయనా, ఎల్లుండి బడికి తీసుకుపోవాల."

అతను నా మొహంలోకి ఒకసారి చూశాడు. "చేస్తా లే. ఎంతసేపు పని గాదు. పాప ఒప్పుకుంటాదా మరి?"

చదువు పెద్దగా లేని మనిషి అడిగిన ఆ ప్రశ్న, డిగ్రీ చదివిన నాకు తట్టలేదు. "దానికేం తెలుస్తుంది" అన్నాను.

దానికి తెలిసింది. మర్నాడు సాయంత్రం చేతిలోకి తీసుకోవడంతోనే తెలిసింది. గీత కత్తితో కోసినట్టుంది. పైగా మెరుపు కూడా కొట్టాడు. "ఎంత బాగుందో చూడు" అన్నాను. అది చూడలేదు. బల్ల మీద పెట్టేసి, "ఇది ఎవరిది మా?" అంది. అంతే. కోపం లేదు, అరుపు లేదు. ఆ ప్రదర్శనకు మా చిన్నది ఉత్త చేతులతో పోయింది.

నేనూ పోయాను, సిగ్గుతోనే. అక్కడ చూసింది చెప్తే మీకు కోపం రావచ్చు. ముందు వరస బల్లల మీద తాజ్‌మహలంత వంతెనలు, దీపాలు వెలిగే విమానాశ్రయాలు. ఒక్కొక్క దాని వెనక ఒక పిల్ల, పిల్ల వెనక ఒక తల్లి. వచ్చిన పెద్దాయన "ఈ వంతెన బరువు దేని మీద ఆనుతుంది బాబూ?" అంటే బాబు వెనక్కి తిరిగి అమ్మ వంక చూశాడు. అమ్మ పెదాలు కదిపింది. ఆఖరు బల్ల మీద, గోడ వారగా, జొన్నబెండ్లతో చేసిన ఎద్దులబండి ఒకటుంది. ఒక చక్రం కొంచెం వంకర. దాన్ని చేసిన పిల్లవాడి తల్లి కూలికి పోతుంది, ప్రదర్శనకు రాలేదు. వాణ్ణి ఇరుసు గురించి అడిగాను. ఇరుసు ఎందుకు తిరగదో, చక్రం మాత్రమే ఎందుకు తిరుగుతుందో, ముల్లుతో బెండు ఎట్లా గుచ్చాలో, గుచ్చేటప్పుడు బెండు పగలకుండా ఏం చేయాలో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. బహుమతి విమానాశ్రయానికి వచ్చింది.

అమ్మా, ఇక్కడ మొదలవుతుంది నా పోట్లాట!

ఆ బహుమతి ఎవరికి ఇచ్చినట్టు? విమానాశ్రయం చేసిన తల్లికి. ఎవరి నోటి దగ్గర నుంచి లాక్కున్నట్టు? రాత్రి రెండింటిదాకా మేలుకునే తీరిక లేని తల్లి కొడుకు నోటి దగ్గర నుంచి. మనం "మా పిల్లకు సాయం చేశాం" అనుకుంటున్నాం. పక్క పిల్లకు అన్యాయం చేశామని అనుకోం. పరీక్ష హాల్లోకి మనం వెళ్ళి కూతురి పేపరు రాస్తే కాపీ అంటారు, పోలీసుల్ని పిలుస్తారు. అదే పని ఇంట్లో కూర్చుని జిగురుతో చేస్తే మాత్రం మాతృప్రేమ!

"ఏం చేస్తాం, అందరూ చేస్తున్నారు కదా" అంటారు. ఇది అన్నిటికన్నా పాత సాకు. కట్నం విషయంలో మన పెద్దవాళ్ళు అన్నదీ ఈ మాటే. "మార్కులు పోతాయి" అంటారు. పోనివ్వండి. ప్రాజెక్టుకు ఇచ్చే ఆ కాసిని మార్కులు పదేళ్ళ తరువాత ఎవరికీ గుర్తుండవు. "నీ చేతకాదు, జరుగు, నేను చేస్తా" అన్న మాట మాత్రం పిల్లకు ముప్ఫయ్యేళ్ళయినా గుర్తుంటుంది. నోటితో అనకపోయినా అన్నట్టే, నేను అనలేదు, రాత్రిపూట కొంగు కింద పెట్టుకుపోయాను, అంతే తేడా.

"టీచర్లే మెరిసేవి కావాలంటున్నారండీ" అనేవాళ్ళూ ఉన్నారు. నిజమే, ఆ తప్పులో వాళ్ళకూ వాటా ఉంది. బల్ల మీద ఉన్నది ఎంత మెరుస్తోంది అని కాక, దాని వెనక నిలబడ్డ పిల్లకు ఎంత తెలుసు అని చూస్తే చాలు, సగం విమానాశ్రయాలు మర్నాటికి మాయమవుతాయి. తల్లిదండ్రుల సమావేశానికి పిలిచినప్పుడు ఫీజుల గురించి, బస్సు గురించి గొంతు చించుకుంటాం కదా, ఈ మాట కూడా అడిగితే ఏం పోయింది?

అసలు ఈ టేపు ఎట్లా పుట్టిందో తెలిస్తే మీరు కూడా నాలాగే నోరెళ్ళబెడతారు. 1920ల్లో అమెరికాలో రెండు రంగుల కార్ల మోజు వచ్చింది. రంగులు వేసేవాళ్ళకు ప్రాణసంకటమైంది. ఒక రంగు మూయడానికి పత్రికలు జిగురుతో అంటిస్తే, పీకేటప్పుడు కింది రంగు కూడా ఊడివచ్చేది. ఇసుక కాగితాలు చేసే త్రీఎమ్ కంపెనీలో రిచర్డ్ డ్రూ అనే కుర్రాడు పనిచేసేవాడు. ఇంజనీరింగు చదువు మధ్యలో వదిలేసి, బాంజో వాయించుకుంటూ తిరిగి వచ్చినవాడు. సెయింట్ పాల్ పట్నంలో ఒక కార్ల షెడ్డుకు ఇసుక కాగితం చూపించడానికి పోయి, అక్కడ రంగు పాడై పెయింటర్లు తిట్టుకుంటుంటే విన్నాడు. "దీనికి నేను మందు కనిపెడతా" అన్నాడు.

మొదట చేసింది పనిచెయ్యలేదు. జిగురు అంచులకు మాత్రమే రాశాడట. అది ఊడిపోతే పెయింటరు విసుక్కుని, జిగురుకు కూడా పిసినారితనమా అని అర్థం వచ్చేటట్టు 'స్కాచ్' అని ఎత్తిపొడిచాడని, ఆ టేపుకు ఆ పేరే నిలిచిపోయిందని కథగా చెప్తారు. కంపెనీ పెద్ద విలియం మెక్‌నైట్ "ఈ పిచ్చి మాని నీ ఇసుక కాగితం పని చూసుకో" అన్నాడు. డ్రూ మానలేదు. 1925కు టేపు తయారైంది. అయిదేళ్ళకు, 1930లో, మనం ఇప్పుడు పుస్తకాలకు అంటించుకునే పారదర్శకమైన టేపు కూడా అతనే చేశాడు.

ఇక్కడ డ్రూ కన్నా ఆ పెద్దాయన సంగతే నాకు ముఖ్యం. మానమన్నవాడు, కుర్రాడు మానలేదని తెలిసి కూడా అతని చేతిలో పని లాక్కోలేదు. తరువాత 1948లో తన కంపెనీవాళ్ళకు ఒక సూత్రం రాసి పెట్టాడు. పనిచేసేవాళ్ళు తప్పులు చేస్తారు, కానీ ప్రతిదీ ఇట్లా చెయ్యి, అట్లా చెయ్యి అని పైవాడు చెప్పే తప్పు ముందు ఆ తప్పులు చిన్నవే, అని దాని సారాంశం. లాభం కోసం పుట్టిన కంపెనీకి ఉన్న ఓర్పు, కన్నతల్లికి ఉండొద్దా?

అంతదూరం ఎందుకు, మన చీరల దగ్గరికే వద్దాం. పోచంపల్లి చీర కట్టుకుని మురిసిపోతాం కదా, అందులో జరిగేదీ ఈ మూసేయడమే. నేత నేయకముందే నూలుకు లెక్క ప్రకారం రబ్బరు పీలికలు బిగించి కడతారు. కట్టు ఉన్నచోట రంగు ఎక్కదు. కట్టు విప్పి, ఇంకోచోట కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. ఎంత బిగించినా కట్టు అంచున రంగు రవ్వంత పాకుతుంది. నేసినాక పువ్వు అంచులు మసకమసకగా, ఈకల్లాగా కనిపిస్తాయి. ఆ మసక చూసే కదండీ, అచ్చువేసిన నకిలీ కాదు, చేత్తో కట్టిందే అని మనం గుర్తుపడుతున్నది! వేలు పోసి కొనే చీరలో రంగు పాకితే అందం, పన్నెండేళ్ళ పిల్ల చేతిలో పాకితే అవమానమూనా?

ఏటికొప్పాక లక్కబొమ్మను చూడండి. ఎరుపు పక్కన పసుపు పట్టీ, దాని పక్కన ఆకుపచ్చ. అక్కడ టేపు ఏమీ లేదు. తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీని ఆనించే చేతిలోనే ఆ గీత ఉంది. ఆ చెయ్యి మొదటిరోజు నుంచే అంత తిన్నగా ఆనించి ఉంటుందా? ఎన్ని కర్రలు పాడయ్యాయో! పాడుచేసే హక్కు ఎవరో ఇచ్చారు కాబట్టే ఆ చెయ్యి చెయ్యయింది.

మన సంగతి మనం మరిచిపోయాం గానీ, మనకూ ఆ హక్కు ఇచ్చారు. మా అమ్మ నాకు ముగ్గు నేర్పింది. చుక్కలు తప్పితే వచ్చి తను వేసేది కాదు. గడప మీద నిలబడి "పదిహేనులో ఎన్ని తగ్గినాయో లెక్కబెట్టుకో" అని లోపలికి పోయేది. సంక్రాంతి నెలలో వీధంతా చూస్తుండగా నా వంకర ముగ్గు మధ్యాహ్నం దాకా అట్లాగే ఉండేది. ఏడ్చేదాన్ని. మర్నాడు సరిగ్గా వేసేదాన్ని. అప్పుడు మా అమ్మకు ప్రేమ లేదనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, ఆవిడకు ఓర్పు ఉంది, నాకున్నది పరువు భయం. ఆవిడకు తీరిక లేక చెయ్యలేదని మీరు అనొచ్చు. అలా అయితే మిక్సీలు, గ్రైండర్లు మనకు మిగిల్చిన తీరికంతా పిల్లల చేతులు కట్టెయ్యడానికే ఖర్చు పెడుతున్నామన్నమాట!

ఇంకో మాట. మగపిల్లవాడు రేడియో విప్పి పాడుచేస్తే "వీడు ఇంజనీరవుతాడు" అంటాం. ఆడపిల్ల కారుబొమ్మ పాడుచేస్తే "నీకెందుకే ఈ పని, చక్కగా ఎంబ్రాయిడరీ నేర్చుకోరాదూ" అంటాం. మా బంధువుల్లో ఒకావిడ అననే అంది, "లారీ పెయింటర్ల పని ఆడపిల్లకేంది" అని. పైట అంచుకు మ్యాచింగ్ కోసం నాలుగు అంగళ్ళు తిరిగే మనకు, రెండు రంగులు కలిసేచోట ఉండే కష్టం వేరే చెప్పాలా? అది లారీ అయితేనేం, చీర అయితేనేం?

అయితే పిల్లల్ని బ్లేడుతో, రంగు డబ్బాతో వదిలేసి మనం సీరియలు చూడమంటారా అని అడగకండి. నేను అనేది అది కాదు. బ్లేడు ఎట్లా పట్టుకోవాలో చెప్పండి, పక్కన కూర్చోండి. రంగు కొట్టేటప్పుడు గాలాడే చోటు చూపించండి, ముక్కుకు గుడ్డ కట్టండి, పొయ్యి దగ్గరకు ఆ డబ్బా రానివ్వకండి. టేపు కొనిపెట్టండి. అడిగితే, అడిగినంత చెప్పండి. అక్కడితో ఆగండి. ఆ పిల్ల కారు మీద టేపు అంటించుకున్నట్టు, మనం కూడా ఒక టేపు అంటించుకోవాలి. ఇక్కడిదాకా నా రంగు, ఇక్కడి నుంచి దానిది. ఆ హద్దు దాటితే పాకేది మన రంగే, చెరిగిపోయేది పిల్ల గీతే.

మా కారు సంగతి చెప్పలేదు కదూ. రెండు నెలలు అది బల్ల మీద మెరుస్తూ పడి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. ఒకరోజు నేనే తీసుకెళ్ళి చిన్నదాని ముందు పెట్టి, "నేను చేసింది తప్పే. నీ గీత చెరిపించాను. ఇది నీకు కావాల్సినట్టు చేసుకో" అన్నాను. కూతురికి క్షమాపణ చెప్పడం మన ఇళ్ళలో ఆచారం కాదు. మాటలు గొంతులో అడ్డం పడ్డాయి. అది ఏమీ అనలేదు. కాసేపటికి వాటర్ పేపరు ఉందా అని అడిగింది.

ఎండాకాలం సెలవుల్లో మొదలుపెట్టింది. మా కడప ఎండలు మీకు తెలుసు, నలభై డిగ్రీలు దాటుతాయి. ఆ వేడికి రంగు బొమ్మను చేరకముందే గాల్లో ఆరిపోయి, ఉప్పు చల్లినట్టు గరుకుగా పడింది. మళ్ళీ రుద్దింది. తెల్లవారుజామున అయిదింటికి లేచి మిద్దెక్కడం మొదలుపెట్టింది. బడి రోజుల్లో ఏడింటికి లేపితే విసుక్కునే పిల్ల!

ఈసారి తలుపు సందు దగ్గర టేపును పంటిపుల్లతో గాడిలోకి నొక్కింది. ఉబ్బెత్తు మీద సన్నపీలికలు వాడింది. ఇంకో ఉపాయం కూడా పన్నింది. టేపు అంటించాక నేరుగా మెరూన్ కొట్టకుండా, ముందు అంచు వెంబడి మళ్ళీ ఆ మీగడ రంగునే పల్చగా కొట్టింది. "సందులు ఏమన్నా ఉంటే ఈ రంగే దూరి మూసేస్తాది మా, మీగడలోకి మీగడ పాకితే ఎవరికి తెలుస్తాది?" అంది. తరువాత మెరూన్, ఒక్కసారిగా కాకుండా పల్చటి పొరలుగా. రంగు పూర్తిగా గట్టిపడకముందే టేపును వెనక్కి మడిచి లాగింది.

నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. నిజంగానే కట్టుకున్నాను, వాటి మీద నమ్మకం లేక.

గీత బాగా వచ్చింది. పెయింటరు వేసినంత బాగా కాదు. ఎడమవైపు వెనక తలుపు కింద చీమ తలంత మెరూన్ చుక్క ఒకటి పైకి పాకింది. దాన్ని సూదిమొనతో గీకేస్తే పోతుంది, నాకు తెలుసు, దానికీ తెలుసు. "ఉండనీ" అంది.

ఆ కారు ఇప్పుడు మా మామగారి ఫోటో ముందు ఉంది. ఇంటికి వచ్చినవాళ్ళు చేతిలోకి తీసుకుని, "ఇక్కడ కొంచెం రంగు పాకినట్టుంది చూశారా" అని వేలు పెట్టి చూపిస్తారు. మా అత్తగారు వెంటనే అందుకుంటారు. "అది మా పిల్ల చేతి గుర్తు. అంగట్లో కొన్నవాటికి ఉండదు లే" అంటారు.

పాల అంగడి దగ్గర కనిపించిన ఆవిడ ఇది చదువుతారో లేదో తెలియదు. చదివితే ఒక్క మాట. ఈసారి మీ వాడికి శనిగ్రహం వస్తే, మీరు పడుకోండి. వాణ్ణి మేలుకోనివ్వండి. వలయం ఊడిపోతే పోనివ్వండి. ఎందుకు ఊడిందో వాడే చెప్తాడు.